పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు: నెల రోజులు నిజమే చెప్పిన ప్రేమికుడు

గత సంచికలో ఒక ఉత్తరానికి జవాబిస్తూ, 1991లో వంశీ దర్శకత్వంలో వచ్చిన ‘ఏప్రిల్ 1 విడుదల’ సినిమాకు దక్కవలసినంత పేరు దక్కలేదని రెండు వాక్యాలు రాశాను. ఆ రెండు వాక్యాలను పట్టుకొని నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, వనపర్తి, గద్వాల వైపుల నుంచి పాఠకులు రాసిన ఉత్తరాలు చదివిన తరువాత, ఈసారి శీర్షికను మొత్తంగా ఈ ఒక్క సినిమాకే కేటాయించడం న్యాయమనిపించింది.

చూడనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. గోదావరి తీరపు ఊళ్ళో దివాకరం అనే యువకుడు భువనేశ్వరి అనే అమ్మాయిని ప్రేమిస్తాడు. రాజేంద్రప్రసాద్, శోభన ఆ పాత్రలు వేశారు. ఆమె మనసు గెలవడం కోసం అతను అబద్ధాలాడతాడు, అడ్డదారులు తొక్కుతాడు. ఆ సంగతి తెలిసి ఆమె ఛీకొట్టినప్పుడు, నెల రోజులపాటు, అంటే ఏప్రిల్ 1వ తేదీ దాకా, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా ఉండాలన్న షరతు మీద పందెం పడుతుంది. అతను నిజం చెప్పడం మొదలుపెట్టాక చుట్టుపక్కల వాళ్ళ కాపురాలు, పరువులు, స్నేహాలు ఏమయ్యాయన్నదే మిగతా సినిమా.

ప్రశ్న: నేను ఈ సినిమాను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. కాని మా ఊళ్ళో నా ఈడువాళ్ళతో ఎప్పుడు సినిమాల ప్రస్తావన వచ్చినా ‘లేడీస్ టైలర్’ అంటారు, ‘అహ నా పెళ్ళంట’ అంటారు, దీని పేరు మాత్రం ఎత్తరు. నా అభిరుచిలోనే ఏదైనా లోపం ఉన్నదా? లేక ఈ సినిమాకు అన్యాయం జరిగిందా?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ)

సమాధానం: మాస్టారూ, మీ అభిరుచిలో లోపమేమీ లేదు. ఈ సినిమా పేరు పెద్ద విజయాల జాబితాలో ఎందుకు వినబడదో అర్థం చేసుకోవాలంటే, ఆ రోజుల్లో మన ప్రాంతానికి సినిమా ఎలా చేరేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. నైజాం పంపిణీదారు చేతిలో పరిమితంగా ఉండే ప్రింట్లు ముందు హైదరాబాదులోనూ జిల్లా కేంద్రాల్లోనూ ఆడి, అక్కడ జనం తగ్గిన తరువాత రేకు డబ్బాల్లో బస్సెక్కి చిన్న పట్టణాలకు వచ్చేవి. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వంటి చోట్లకు చేరేసరికి ప్రింటు మీద గీతలు పడి ఉండేవి, అంతకంటే ముఖ్యంగా ఆ సినిమా మీద ఒక తీర్పు కూడా పడి ఉండేది. పెద్ద ఊళ్ళో మొదటి వారం ఊపుగా ఆడని సినిమాను చిన్న ఊరి హాలు యజమాని తెచ్చుకోడు. తెచ్చుకున్నా మూడు రోజుల కంటే ఉంచడు.

అదే 1991లో ‘గ్యాంగ్ లీడర్’, ‘అసెంబ్లీ రౌడీ’ వచ్చాయి. నేల టికెట్టు నుంచి బాల్కనీ దాకా ఒకేసారి ఈలలు వేయించగలిగిన సినిమాలవి. వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాని దివాకరం కథలో ఈల వేయవలసిన చోటు ఎక్కడో చూసేవాడికి ముందుగా తెలియదు. ఒక మనిషి నిజం చెబుతాడు, ఎదుటివాడి ముఖం మారుతుంది, ఆ ముఖాన్ని చూసి మనకు నవ్వు వస్తుంది, నవ్విన మరుక్షణం ఆ స్థానంలో మనముంటే ఏమయ్యేదో అన్న గుబులు పుడుతుంది. ఇటువంటి నవ్వు అయిదు వందల మంది కలిసి కూర్చున్న హాలులో కంటే, నలుగురు ఇరుగుపొరుగువారు కలిసి చూసే చోట బాగా పండుతుంది.

ఈ మాట నా అనుభవం మీద చెబుతున్నాను. నేను ఈ సినిమాను మొదట చూసింది హాలులో కాదు, నల్లగొండలో మా వాడకట్టులో వినాయక నవరాత్రుల రాత్రి. అప్పట్లో చందా డబ్బుల్లో కొంత తీసి కలర్ టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి, మండపం పక్కన బల్ల మీద పెట్టి, తెల్లవార్లూ మూడు సినిమాలు వేసేవారు. ఆ రాత్రి ఇది రెండో క్యాసెట్టు. మొదటి సినిమా పోరాటాలతో నిండినది, అది అయిపోగానే పిల్లలు నిద్రపోయారు. చాపల మీద మిగిలినవాళ్ళందరూ పెద్దవాళ్ళు, ఒకరి ఇంటి గుట్టు ఒకరికి తెలిసినవాళ్ళు. దివాకరం పక్కింటివాళ్ళ సంగతులు బయటపెడుతున్నకొద్దీ, మా వాడకట్టు ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వడం, మగవాళ్ళు ఒకరినొకరు చూసుకోవడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉన్నది. తెర మీది కాలనీకీ, తెర ముందు కూర్చున్న వాడకట్టుకూ తేడా లేకుండా పోయింది. ఆ సినిమాకు తగిన హాలు అదేనని నా నమ్మకం. దానికి జరిగిన అన్యాయమల్లా, వసూళ్ళ లెక్క కట్టేవారికి అటువంటి హాలు కనబడకపోవడమే.

ప్రశ్న: మీరు రాసినది చదివి ఈ సినిమాను ఫోనులో చూశాను. నాకు నచ్చలేదు. ఒక అమ్మాయి వద్దంటుంటే వెంటపడటం, ఆమెను అబద్ధాలతో మోసం చేయడం, చివరికి ఆమే అతన్ని ఒప్పుకోవడం. దీన్ని ప్రేమకథ అని ఎలా అంటారు? మా కాలేజీలో ఎవరైనా ఇలా చేస్తే మేము ఫిర్యాదు చేస్తాము.
(డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్)

సమాధానం: అమ్మా, నాకు వచ్చిన ఉత్తరాలలో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసినది మీదే. మీరు చెప్పినదానిలో చాలా భాగంతో నేను ఏకీభవిస్తాను. ఫిర్యాదు చేయవలసిన పని జరిగినప్పుడు తప్పకుండా చేయండి, సినిమాలో చూపించారు కదా అని ఎవరైనా సమర్థించుకుంటే ఒప్పుకోకండి. ఆ కాలపు తెలుగు ప్రేమకథలకు ఉన్న పెద్ద జబ్బు అదే: అబ్బాయి పట్టుదలే అతని అర్హత అన్నట్టుగా, అమ్మాయి కాదనడం అవుననడానికి ముందు మెట్టు అన్నట్టుగా కథలు అల్లేవారు. ఈ సినిమా మొదటి భాగం కూడా ఆ జబ్బు నుంచి తప్పించుకోలేదు. ఇన్నేళ్ళుగా ఇష్టపడుతున్నంత మాత్రాన నేను దానిని దాచను.

అయితే ఒక్క విషయం మీ ముందు పెడతాను, తూచి చూడండి. తక్కిన సినిమాలలో వెంటపడే నాయకుడి వెనుక కథ నిలబడుతుంది. అతని అబద్ధాన్ని తెలివి అంటుంది, అతని మొండితనాన్ని ప్రేమ అంటుంది. ఇక్కడ మాత్రం భువనేశ్వరి అతని అబద్ధాలను పట్టుకున్నప్పుడు, కథ ఆమె వైపు నిలబడింది. ఆమె కోపానికి ఎవరూ వెక్కిరింపు పాట పాడలేదు. తప్పు అతనిదేనని తేలింది, శిక్ష కూడా అతనికే పడింది. ఆ శిక్ష ఏమిటంటే, ఏ నోటితో మోసం చేశాడో ఆ నోటిని నెల రోజులు శుభ్రంగా ఉంచుకోవడం. నాకు తెలిసినంతలో మన ప్రేమకథల్లో నాయకుడు కండబలం చూపించి కాక, త్యాగం చేసి కాక, తన స్వభావాన్ని మార్చుకొని అమ్మాయి ముందు నిలబడవలసి రావడం అరుదు.

మరో సంగతి. మన హరిశ్చంద్రుడి కథ మీరు వినే ఉంటారు. సత్యం కోసం ఆయన రాజ్యాన్ని ఇచ్చాడు, కాశీ వీధుల్లో భార్య చంద్రమతిని అమ్మాడు, కాటికాపరిగా నిలబడ్డాడు. సత్యం ఆయనకు భార్యను దూరం చేసింది. అప్పు వసూలుకు నక్షత్రకుడు వెంటపడి పెట్టిన బాధలు చూసి మన పల్లెల్లో తరతరాల ప్రేక్షకులు కంటతడి పెట్టారు. ఈ సినిమా ఆ కథను తలకిందులు చేసింది: ఇక్కడ సత్యం చెబితేనే భార్య దొరుకుతుంది. హరిశ్చంద్రుడి కష్టం విషాదమైతే, అదే కష్టం ఒక మామూలు కాలనీలో, మామూలు అబద్ధాలకు అలవాటుపడిన మనుషుల నడుమ జరిగితే హాస్యమవుతుంది. నాకు నచ్చినది ఈ మలుపే. అది మొదటి భాగంలోని తప్పును మాఫీ చేస్తుందని నేను అనను. మీకు నచ్చకపోవడం మీ హక్కు, మీరు చెప్పిన కారణం బలమైనదే. ఇష్టపడిన సినిమాను గురించి ఇటువంటి మాట వినవలసి రావడం నాకు మేలే చేసింది, మొన్న మళ్ళీ చూసినప్పుడు మొదటి అరగంటలో భువనేశ్వరి ముఖాన్ని ఇంతకుముందు చూడనంత శ్రద్ధగా చూశాను.

ప్రశ్న: గోదావరి జిల్లాల యాస, ఆ రైళ్ళు, ఆ పడవలు చూసి మేమెందుకు మురిసిపోవాలి? మా దిక్కు మాటతో, మా దిక్కు మనుషులతో ఇటువంటి ప్రేమ హాస్య చిత్రం ఎందుకు రాలేదు? మా యాస రౌడీలకూ జోకులకే పనికొస్తుందా?
(చేనేత కార్మికుడు, నారాయణపేట)

సమాధానం: మీ ప్రశ్నలోని బాధ నాదీ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో తెలంగాణ మాట రెండే చోట్ల వినబడింది: ప్రతినాయకుడి పక్కన నిలబడే మనిషి నోట, నవ్వించడానికి వచ్చిన పనివాడి నోట. ప్రేమించేవాడికి, ప్రేమను కాదనే హక్కున్న అమ్మాయికి ఆ మాట ఇవ్వలేదు. ప్రేమ మాటలు పలకడానికి ఒకే రకం తెలుగు పనికివస్తుందన్న నమ్మకం పరిశ్రమలో ఉండిపోయింది. అది తప్పని నిరూపణ కావడానికి చాలా కాలం పట్టింది. 2016లో తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళి చూపులు’లో ప్రియదర్శి మాట్లాడిన తెలంగాణ మాటకు రాష్ట్రమంతా నవ్వింది, ఆ నవ్వులో చిన్నచూపు లేదు. ఆ సినిమాకు జాతీయ పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రం బహుమతీ, సంభాషణలకు బహుమతీ వచ్చాయి. అయితే అక్కడ కూడా ఆ మాట ఎక్కువగా నాయకుడి స్నేహితుడిది. 2017లో శేఖర్ కమ్ముల ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయిగా సాయి పల్లవి తన సొంత గొంతుతో మాట్లాడినప్పుడు, నాయిక నోట మన మాట నిలబడింది. బాన్సువాడ ఉత్తరాన ఉన్నది. కృష్ణకు అటూ ఇటూ, కన్నడం కలిసిన మీ నారాయణపేట, గద్వాల మాట ప్రేమకథకు నాయిక నోటనో నాయకుడి నోటనో వచ్చిన సినిమా నేను ఇంతవరకు చూడలేదు. రావాలి. మగ్గం గుంటలో కూర్చొని పని చేస్తూ మీరు వినే మాటల్లో ఎంత హాస్యమున్నదో, ఎంత ప్రేమ ఉన్నదో రాయగలిగినవాళ్ళు మీ ఊళ్ళోనే పుట్టి ఉంటారు.

గోదావరి సినిమా చూసి మనమెందుకు మురవాలన్న ప్రశ్నకు మాత్రం నా జవాబు వేరు. వంశీ తన ప్రాంతపు మాటను, తిండిని, వాకిళ్ళను సిగ్గుపడకుండా, సాగదీయకుండా, ఉన్నవి ఉన్నట్టుగా తెర మీద పెట్టాడు. ఆ పని చూసి మనం నేర్చుకోవలసింది ఉన్నది. కథ మాటకు వస్తే అది అక్కడిది మాత్రమే కాదు. ఇందాక చెప్పిన హరిశ్చంద్రుడి కథను 15వ శతాబ్దంలో ద్విపదలో రాసిన గౌరన, రాచకొండ, దేవరకొండలను ఏలిన పద్మనాయకుల కాలంవాడు. నిజం చెప్పినవాడి కష్టాలు వినడం ఈ నేలకు కొత్త కాదు.

ప్రశ్న: రెండో సగం సాగదీసినట్టు ఉన్నదని మా మిత్రులంటారు. నిజమేనా?
(ఆర్టీసీ కండక్టర్, కోదాడ)

సమాధానం: కొంత నిజం. రౌడీ వ్యవహారం కథలోకి బలంగా వచ్చాక హాస్యం పలుచబడుతుంది. కాని ఆ రౌడీ వేషంలో ఉన్నది కృష్ణభగవాన్ అని గుర్తుంచుకొని చూడండి. తరువాతి కాలంలో మనల్ని అంతగా నవ్వించిన మనిషి ఇక్కడ భయపెట్టాడు.

ప్రశ్న: నేను 1990లలో వీడియో క్యాసెట్ల దుకాణం నడిపాను. మా దుకాణంలో ఈ క్యాసెట్టును తీసుకుపోయినవాళ్ళు చెప్పిన తేదీకి తిరిగి ఇచ్చేవాళ్ళు కాదు, ఇంకో రోజు ఉంచుకుంటామని కబురు పెట్టేవాళ్ళు. కొత్త సినిమాల క్యాసెట్లు మొదటి నెలలో చేతులు మారి, తరువాత మూలన పడేవి. ఇది అలా పడలేదు. జనం మెచ్చుకోని సినిమా అని ఎలా అంటారు?
(చిరు వ్యాపారి, సూర్యాపేట)

సమాధానం: మీరు చెప్పినది నేను రాసిన మాటకు మంచి సవరణ, దానిని మనసారా స్వీకరిస్తున్నాను. జనం మెచ్చుకోలేదు అనడం తప్పు, జనం మెచ్చుకున్న సంగతి ఎక్కడా నమోదు కాలేదు అనడం సరి. హాలులో అమ్ముడుపోయిన టికెట్టుకు లెక్క ఉన్నది, ఒక క్యాసెట్టును ఎన్ని ఇళ్ళలో ఎంతమంది చూశారో లెక్క లేదు. మీ దుకాణం లెక్కల పుస్తకం ఇంకా ఉంటే దయచేసి పాత సామానుకు వేయకండి. ఏ క్యాసెట్టు ఎన్నాళ్ళు ఎవరింట్లో ఉన్నదో చెప్పే ఆ పుస్తకం, మన పట్టణాల్లో మనుషులు నిజంగా ఏ సినిమాలను ప్రేమించారో చెప్పగల అరుదైన సాక్ష్యం.

మీ ఉత్తరం చదివాక ఇంకొక ఆలోచన వచ్చింది. హాలులో సినిమా చూసినవాడు బయటికి వస్తూ ఒక మాట అంటాడు: బాగుంది, బాగోలేదు. ఆ మాట గేటు దగ్గర నిలబడినవాళ్ళు వింటారు, సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. ఇంట్లో క్యాసెట్టు చూసినవాళ్ళ మాట గడప దాటదు. ఈ సినిమాను ఇష్టపడినవాళ్ళందరూ ఎవరి ఇంట్లో వాళ్ళు ఒంటరిగా ఇష్టపడ్డారు. మిర్యాలగూడ మాస్టారు తన అభిరుచినే అనుమానించడానికి కారణం ఇదేనేమో. ఆయన మీ దుకాణానికి వచ్చి ఉంటే ఆ అనుమానం పుట్టేది కాదు.

ప్రశ్న: ఈ సినిమా పాటలు మాత్రమే విన్నాను. సినిమా కూడా అంత బాగుంటుందా?
(గృహిణి, నాగర్‌కర్నూల్)

సమాధానం: ఇళయరాజా పాటలు మీకు అంతగా నచ్చి ఉంటే, సినిమాలో ఆ పాటలు వచ్చే సందర్భాలు ఇంకా నచ్చుతాయి. ‘చుక్కలు తెమ్మన్నా’ అన్న పాటను విడిగా విన్నప్పుడు అది ప్రేమికుడి గొప్పలు అనిపిస్తుంది. ఆ గొప్పలు చెప్పేవాడి మాటకు ఎంత విలువ ఉన్నదో కథ తేల్చబోతున్నదని తెలిసి వింటే వేరుగా ఉంటుంది.

ప్రశ్న: మా ఇంట్లో ఈ సినిమా మీద పెద్ద వాదన జరిగింది. నేను నవ్వీ నవ్వీ అలసిపోయాను, మా ఆయన ఒక్కసారి కూడా నవ్వలేదు. పైగా, ఇలా ఇంటి గుట్లు బయటపెట్టేవాడిని నాయకుడంటారా అని కోప్పడ్డారు. ఎవరి అభిప్రాయం సరి?
(అంగన్‌వాడీ ఉపాధ్యాయురాలు, గద్వాల)

సమాధానం: మీవారి కోపాన్ని నేను తేలికగా తీసుకోను. దివాకరం చెప్పే నిజాలలో కొన్ని ఎవరూ అడగనివి, కొన్ని చెప్పడం వల్ల నష్టపోయినవాళ్ళు ఏ పాపమూ చేయనివాళ్ళు. అబద్ధం ఆడనని మాట ఇచ్చినవాడు మౌనంగా ఉండవచ్చు కదా అని మీవారు అడిగితే, దానికి సినిమా దగ్గర బలమైన సమాధానం లేదు. కాని ఇంకొక వైపు చూడండి. ఆ కాలనీలో మర్యాదగా బతుకుతున్నవాళ్ళ ప్రశాంతత ఎన్ని చిన్న అబద్ధాల మీద నిలబడి ఉన్నదో అతను నోరు తెరిచాకనే తెలిసింది. మీరు నవ్వినది ఆ మనుషుల కష్టానికి కాదు, ఆ ప్రశాంతత ఎంత పలుచటిదో తెలిసినందుకు. ఒకే సన్నివేశంలో మీకు నవ్వు, ఆయనకు కోపం వచ్చాయంటే ఇద్దరూ దానిని శ్రద్ధగానే చూశారు. ఇద్దరినీ నేను తప్పుపట్టలేను.

అదే 1991లో రాజేంద్రప్రసాద్ ‘ఎర్రమందారం’లో గంభీరమైన పాత్ర వేసి నంది బహుమతి అందుకున్నారు. అది మీవారికి చూపించండి. నవ్వించే మనిషి లోపల అంతటి బరువున్నదని తెలిసిన తరువాత, ఈ సినిమాలో అతను నిజం చెప్పబోయే ముందు ఒక్క క్షణం ఆగి గుటక వేసే చోట్లు ఆయనకు వేరుగా కనబడవచ్చు.

ప్రశ్న: నాకు పెళ్ళి కుదిరింది. ఈ నెలాఖరున నిశ్చితార్థం. ఆ అమ్మాయితో కలిసి ఈ సినిమా చూడాలనుకుంటున్నాను. కాని చూశాక ఆమె నన్ను కూడా నెల రోజులు నిజమే చెప్పమంటే ఏమి చేయాలన్న భయమున్నది. మా కుటుంబానికి ఉన్న అప్పు సంగతి ఇంకా వాళ్ళకు చెప్పలేదు.
(ప్రైవేటు ఉద్యోగి, కొల్లాపూర్)

సమాధానం: నాయనా, సినిమా చూడండి, కాని దానిని ఆ పనికి వాడుకోకండి. భువనేశ్వరికి కోపం తెప్పించినది దివాకరం పేదరికం కాదు, అతను తనకు లేనివి ఉన్నట్టు చూపించడం. మీ అప్పు ఎంత, అది దేనికోసం చేసినది, తీర్చడానికి ఎన్నేళ్ళు పడుతుంది, నెలకు మీ జీతంలో ఎంత దానికి పోతుంది, ఈ సంగతులు ఆ అమ్మాయికి స్వయంగా మీ నోటితో చెప్పండి. మధ్యవర్తి ద్వారా కాని, పెద్దవాళ్ళ ద్వారా కాని చెప్పించకండి. విన్నాక ఆలోచించుకోవడానికి ఆమెకు సమయం ఇవ్వండి. నిశ్చితార్థం నెలాఖరున అన్నారు కనుక, ఈ ఆదివారమే మాట్లాడితే ఆమెకు రెండు వారాలైనా మిగులుతాయి. సినిమా ఆ తరువాత చూడవచ్చు.